డొంక దారిన ఒక ఆదివారం

ఇంగ్లండులో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్ళని ఒకసారి కదిలించి చూడండి. లండన్ బ్రిడ్జి గురించి రెండు ముక్కలు చెబుతారు. చలి గురించి నాలుగు ముక్కలు. ఆ తర్వాత ఏదో రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి, ‘అక్కడ ఎవరి పొలంలోంచైనా నడిచి వెళ్ళొచ్చండీ, ఎవరూ ఏమీ అనరు’ అంటారు.

చేలగట్టు మీద అడుగు పెడితే ‘ఎవర్రా అది?’ అనే కేక విని పెరిగిన మనకి ఇది వింతే మరి. అయితే వాళ్ళు చెప్పేది సగమే నిజం. అక్కడ ఎవరి పొలంలోంచి పడితే వాళ్ళ పొలంలోంచి వెళ్ళడానికి లేదు. పొలాల మధ్య నుంచి పోయే కాలిబాటలు కొన్ని ఉంటాయి. వాటి మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. దారి మొదట్లో చిన్న కొయ్య పలక, మీద బాణం గుర్తు. కంచె అడ్డొచ్చిన చోట ఎక్కి దిగడానికి రెండు మెట్లు. ఇంగ్లండు, వేల్స్ రెండూ కలిపి ఇలాంటి దారులు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు ఉన్నాయి. చిన్న పల్లెటూరికి కూడా చుట్టూ ఏ బాట ఎటు పోతుందో చూపించే పటం ఉంటుంది. శని, ఆదివారాల్లో జనం బూట్లు వేసుకుని, సంచిలో రొట్టె పెట్టుకుని బయల్దేరతారు.

దారిలో పంట ఉంటే? అక్కడి చట్టం దానికీ జవాబు రాసి పెట్టింది. పొలానికి అడ్డంగా పోయే కాలిబాటని రైతు దున్నుకోవచ్చు. కానీ 14 రోజుల్లో మళ్ళీ నడవడానికి వీలుగా చదును చెయ్యాలి. ఆ పంటకే రెండోసారి కదిలిస్తే గడువు 24 గంటలే. కనీసం మీటరు వెడల్పు వదలాలి. రైతుకీ నష్టం లేదు, నడిచేవాడికీ ఇబ్బంది లేదు.

ఇదంతా దొరలు దయతలచి ఇచ్చింది కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచి కొన్ని వందలమంది, చాలావరకు కార్మికులు, కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే అనుమతి లేకుండా నడిచారు. ఆ కొండలు జమీందార్ల వేట పిట్టల కోసం మూసిపెట్టినవి. కాపలావాళ్ళతో తోపులాట అయింది, అయిదుగురికి జైలుశిక్ష పడింది. మరో 17 ఏళ్ళకి, 1949లో, పల్లెల్లోని కాలిబాటలన్నిటినీ పటాల మీద గుర్తించి రికార్డు చెయ్యాలని పార్లమెంటు చట్టం చేసింది.

ఆ సంఘటనకి పదేళ్ళ ముందే మన పల్నాడులో ఇంతకంటే పెద్ద కథే నడిచింది. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పుల్లరి కట్టమని తెల్లదొరల ప్రభుత్వం అంటే, కట్టేది లేదని మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు ఎదురు నిలిచాడు. 1922లో పోలీసు తూటాలకి ప్రాణం వదిలాడు. ఆ కొండల్లో వాళ్ళకి నడక సరదా, ఈ అడవుల్లో మనవాళ్ళకి పశువుల మేత. తేడా అంతే. నేల మీద తరతరాలుగా తిరిగిన కాలికి హక్కుందా లేదా అన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

సరే, ఇంతకీ మనకి అలాంటి బాటలు లేవా? ఉన్నాయి. మనం వాటిని డొంకలంటాం.

గోదావరి జిల్లాలవాళ్ళు పుంత అంటారు. తెలంగాణలో బండ్లబాట. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డొంక. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరైనా డొంక పేరు మారలేదు లెండి. తీగ లాగితే కదిలే డొంక వేరు, అది పొద. కానీ మన డొంకకి రెండువైపులా పొదలే కదా, ఆ మాటే దారికీ అంటుకుని ఉంటుందని నా అనుమానం. గుంటూరు నగరం నడిబొడ్డున కూడా డొంక రోడ్డు, దాని మీద మూడు వంతెనలు ఉన్నాయి. గట్టి వాన పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. నిలవక ఏం చేస్తాయి, డొంకంటేనే పల్లపు దారి!

ఎందుకు పల్లమంటే, వందల ఏళ్ళు ఇనప పట్టాల బండిచక్రాలు నల్లరేగడిని కోసుకుంటూ పోయాయి. కోసిన మట్టిని వాన కడుక్కుపోయింది. అలా దారి కిందికి దిగి, చేలు పైన మిగిలాయి. వానాకాలం అదే వాగు, ఎండాకాలం అదే బాట. పైన తుమ్మ, వేప, తాటిచెట్లు. కింద బ్రహ్మజెముడు, జిల్లేడు, తంగేడు, పాకిన నల్లేరు. తొలకరి తర్వాత కంచె మీద ఆకాకరకాయలు. సంక్రాంతి నాటికి రేగుపళ్ళు. ముంగిసలు, కముజు పిట్టలు, అదృష్టం బాగుంటే ఒక పాలపిట్ట. పత్తీ మిరపా తప్ప మరో మొక్క కనబడని మైళ్ళకొద్దీ మైదానంలో పిట్టకి గూడు, పాముకి పుట్ట, మనిషికి నీడ మిగిలింది ఈ సన్నటి పట్టీలోనే.

రెవెన్యూ రికార్డుల్లో దీన్ని ‘డొంక పోరంబోకు’ అని రాస్తారు. పోరంబోకు అనే మాటని మనం తిట్టు చేసుకున్నాం గానీ, రికార్డులో దానర్థం శిస్తు లెక్కకి బయట పెట్టిన నేల. అంటే నలుగురిదీ అని. ఎఫ్.ఎం.బి. అని పిలిచే కొలతల పుస్తకంలో ప్రతి సర్వే నంబరుకీ ఒక పటం ఉంటుంది. పక్కన డొంక ఉంటే ఆ పటంలో దాని గీతలు కనబడతాయి, కొలతలు లింకుల్లో ఉంటాయి. ఈ లింకుల కథ తమాషాగా ఉంటుంది. నాలుగొందల ఏళ్ళ కిందట ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు లెక్కల పండితుడు 66 అడుగుల గొలుసు తయారుచేసి దాన్ని 100 లింకులు చేశాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అందులో నూరో వంతు మన సెంటు. గుంటూరు పొలాల్ని కొలిచింది గుంటర్ గొలుసుతోనే అన్నమాట. పేర్లు కలవడం యాదృచ్ఛికమే లెండి, చుట్టరికం కలపకండి.

పటంలో డొంక వెడల్పు 50 లింకులని ఉందనుకోండి. 33 అడుగులు. రెండు బండ్లు ఎదురైనా తప్పుకోవచ్చు. ఇప్పుడు వెళ్ళి టేపు పెట్టి చూడండి. చాలా ఊళ్ళలో పన్నెండు అడుగులుంటే గొప్ప. కొన్నిచోట్ల ట్రాక్టర్ ఒక్కటే పడుతుంది, అదీ అటూ ఇటూ కంప గీసుకుంటూ.

ఎవరూ ఒక్కరోజులో ఆక్రమించలేదు. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఒక్క చాలు ఇవతలికి వేస్తారు. అంతే. ఏడాదికి అరడుగు. ఎదుటి పొలం ఆయన కూడా ఊరుకుంటాడా, ఆయనా అరడుగు. లెక్క వెయ్యండి. 33 అడుగుల డొంక 33 ఏళ్ళలో మాయం. తండ్రి చేతిలో మొదలైంది కొడుకు చేతిలో పూర్తవుతుంది. కొడుకుని అడిగితే ‘మా నాన్న నాటి నుంచీ ఇంతే’ అంటాడు. అబద్ధం కాదది.

ఎకరం మిరపకి వేలకు వేలు కౌలు కట్టే చోట ఒక్క చాలంటే ఎన్ని మొక్కలో రైతుకి తెలుసు. అతని ఆశని నేను తప్పు పట్టను. కానీ డొంక చివర పొలం ఉన్నవాడి సంగతి చూడండి. కల్లంలో ఎండిన కాయని టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తోలాలంటే ట్రాక్టర్ కల్లం దాకా రావాలి. దారి లేకపోతే టిక్కీలు నెత్తిన మోయించాలి, ఆ కూలి వేరే. మబ్బు పట్టిన రోజు పట్టాలు మోసుకు పరిగెత్తాలి. రెండు మూడేళ్ళు చూసి, విసిగి, ఆ పొలాన్ని ముందు పొలం ఆయనకే అమ్మేస్తాడు. దారి లేని పొలానికి పలికే ధర ఎంతో మీకు నేను చెప్పాలా?

రెండోవాళ్ళు కూలీలు. మిరపకోతల రోజుల్లో ఒక ఊరి చివర ముఠాతో నడుస్తున్న పెద్దావిడని అడిగాను, రోడ్డెమ్మట ఎందుకమ్మా, అడ్డదారి లేదా అని. ‘ఉండేది నాయనా. డొంకలోంచి అరగంట. ఇప్పుడది కంపైపోయింది. ఇట్టా చుట్టు తిరిగితే గంటన్నర. లారీలు మీదకొస్తన్నయ్. అందుకే ఎక్కువమంది ఆటో ఎక్కుతన్నారు’ అంది. ఆటోలో పదిమంది, పదిహేనుమంది. ట్రాక్టర్ అయితే లెక్కే ఉండదు. 2020 మే నెలలో నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరపకోత ముగించుకుని ఇళ్ళకి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. ఆ చీకటి వార్త ఈ జిల్లాలవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దానికి కారణం డొంక లేకపోవడమని నేననను. కాలినడకన పోగలిగే దూరాలు తగ్గిపోయేకొద్దీ ఇలా కిక్కిరిసిన బండ్లెక్కే ఆడవాళ్ళు పెరుగుతారని మాత్రం అంటాను.

దేవుడికైతే ఈ సమస్య లేదు. శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు బయల్దేరినప్పుడు చూడండి. అంతెత్తు ప్రభ వస్తోందంటే కరెంటు తీగలు విప్పుతారు, కొమ్మలు కొడతారు, ఎవరి అరుగు అడ్డున్నా పక్కకి జరుపుతారు. ఎవరూ గొణగరు. ఏడాదికి ఒక్కరోజు ప్రభకి ఇచ్చే దారి, మిగతా రోజులు క్యారేజీ పట్టుకుని పోయే మనిషికి ఇవ్వడానికి మాత్రం మనకి చేతులు రావు.

ఇంగ్లండు చట్టం అంత వివరంగా లేకపోయినా, మనకీ చట్టాలున్నాయి. పాతవే. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్లో, సొంత ఆస్తి అని ఎవరైనా రుజువు చేసుకుంటే తప్ప, బాటలు, సందులు, దారులు అన్నీ ప్రభుత్వానివేనని రాసి ఉంది. ఆక్రమించినవాళ్ళకి ఏడో సెక్షన్ కింద నోటీసిచ్చి, ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయించే అధికారం రెవెన్యూవాళ్ళకుంది. ఊరుమ్మడి భూముల్లోని ఆక్రమణలు తొలగించి పంచాయతీలకి అప్పగించే ఏర్పాట్లు చెయ్యాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది.

మరి డొంక కాకుండా, సొంత పొలంలోంచి పోయే కాలిదారి సంగతి? దానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఇరవై ఏళ్ళు ఆపకుండా, దాచకుండా, గొడవల్లేకుండా, మా హక్కు అన్నట్టు నడిచిన దారి మీద హక్కు అడగొచ్చు. ‘మా హక్కు అన్నట్టు’ అన్న ముక్క గమనించండి. ‘బాబాయ్, ఈ ఒక్క పంటకి పోనియ్యవా’ అని బతిమాలి నడిచిన దారి ఎన్నేళ్ళయినా హక్కు కాదు. ఇంకొకటి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వెనక వాటా వచ్చినవాడికి వేరే తోవ లేకపోతే, ముందు వాటాలోంచి వెళ్ళే అవసరపు దారిని ఈ చట్టమే ఇస్తుంది. అయినా పంపకాల కాగితంలో ‘ఇంత వెడల్పు దారి వదలవలెను’ అని ఒక్క వాక్యం రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం రాయించని ఇళ్ళలో అన్నదమ్ములు మాటలు మానేశారు, వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళకి పిలుచుకోవడం మానేశారు.

2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, కొత్త రాళ్ళు పడ్డాయి. ఎవరి పొలం హద్దు దగ్గర వాళ్ళు నిలబడి చూసుకుంటారు. డొంక హద్దు దగ్గర ఎవరు నిలబడతారు? అది అందరిదీ కాబట్టి ఎవరూ నిలబడరు. మీ ఊళ్ళో సర్వే అయిపోతే, కొత్త పటంలో డొంక ఎన్ని మీటర్లు పడిందో పాత పటంతో పోల్చి చూడమని సచివాలయంలో సర్వేయర్‌ని అడగండి. లింకుని 7.92 అంగుళాలతో గుణిస్తే సరి. పిల్లాడికిచ్చినా వేస్తాడు ఆ లెక్క.

పటం చూసిన తర్వాత చెయ్యాల్సింది నడవడం. నడిచే కాళ్ళున్న దారిలో కంప మొలవడం కష్టం. ఈ సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మన మైదానంలో నడకకి అంతకంటే మంచి కాలం లేదు. అంతకు ముందు రేగడి చెప్పుకి అంటుకుని ఒక్కో కాలు అయిదు కిలోలవుతుంది. తర్వాత ఎండ నిలవనివ్వదు, నేల నెర్రెలు విచ్చి చీలమండలు మెలి తిప్పుతుంది.

కొండ కావాలనుకుంటే కోటప్పకొండ ఉంది. ఘాట్ రోడ్డులో కారెక్కి వెళ్ళేవాళ్ళని వెళ్ళనిచ్చి, మీరు మెట్లదారి పట్టండి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి వెనక్కి తిరిగితే కింద చుట్టూ చేలు. ఫిబ్రవరిలో అయితే ఆ ఆకుపచ్చ మధ్య ఎర్రగా చాపలు పరిచినట్టు మిరప కల్లాలు. ఈ దృశ్యం కారులోంచి కనబడదు.

కొండవీడు ఇంకో రకం. అద్దంకి నుంచి రాజధాని మార్చుకొచ్చిన రెడ్డిరాజులు ఇక్కడి నుంచే పాలించారు, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు, 1515లో కృష్ణదేవరాయలు ఈ కోట పట్టుకున్నాడు. ఇంత చరిత్ర కొండ మీద ఉంది. ఇక్కడికీ ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. రోడ్డు వదిలి పాత కాలిబాటన ఎక్కితే కోటగోడ కొండశిఖరాల వెంట ఎలా పాకిందో అర్థమవుతుంది. పైన చెరువులున్నాయి. కాలం కుదిరితే సీతాఫలాలు. నీళ్ళు మీరే తీసుకెళ్ళండి, ఒంటరిగా వెళ్ళకండి.

ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి నడవాలంటే సాగర్ కాలువ కట్టలు బాగుంటాయి. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక కుడి కాలువ ఈ మైదానం రూపే మార్చేసింది. మేజర్ల వెంట, మైనర్ల వెంట కట్ట చదునుగా ఉంటుంది. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క పత్తి. కాళ్ళు కడుక్కోవడానికని మాత్రం కాలువలోకి దిగొద్దు. ఆ పలకల మీద పాచి, ఒక్కసారి జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. పిల్లల చెయ్యి వదలకండి.

అయినా నన్నడిగితే అన్నిటికంటే మంచి నడక మీ ఊరి డొంకే. ఊరి చివర చెరువుకట్ట దగ్గర మొదలుపెట్టి పక్క ఊరి రాములవారి గుడిదాకా వెళ్ళి రండి. ఎనభై దాటిన తాతయ్యని బండి మీదైనా కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. ఏ మలుపు దగ్గర ఏ పేరో, ఏ చెట్టు కింద ఎడ్లని విప్పేవాళ్ళో చెప్పగలిగింది ఆయనే. పిల్లలు ఫోన్లో ఆ దారిని గుర్తు పెట్టుకుంటారు. ఆ రెండూ కలిస్తే మీ ఊరికీ ఒక నడక పటం తయారైనట్టే.

కొన్ని జాగ్రత్తలు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి తొమ్మిదింటికల్లా ఇంటికి చేరండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఉంటాయి, రక్తపింజర కూడా ఉంటుంది. చేతిలో కర్ర ఉంచుకుని ముందు నేలని తడుతూ నడవండి. మందు కొడుతున్న చేను కనబడితే గాలి ఎటు వీస్తోందో చూసి దూరంగా తప్పుకోండి. డొంక పక్కన పారేసిన పురుగుమందు డబ్బాలు పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. విచ్చిన పత్తికాయ ముద్దొస్తుంది, కొయ్యొద్దు. డ్రిప్పు పైపుల మీద కాలు వెయ్యొద్దు. చేలో రైతు కనబడితే ముందు మీరే పలకరించండి, ఎవరి తాలూకో చెప్పండి. ఆయన ‘ఎవర్రా అది?’ అనాల్సిన అవసరం రాదు. పలకరింపు బాగుంటే రెండు తేగలు చేతిలో పెట్టినా పెడతాడు, పోయిన ఏడాది ధర పడి ఎంత నష్టపోయాడో అరగంట చెప్పినా చెబుతాడు. తొందరపడకుండా వినండి.